రైఫిల్‌కి లైసెన్సు ఉంటే విడిభాగాలకూ ఉన్నట్టేనా?

ప్రశ్న: నా పేరు మీద .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి లైసెన్సు ఉంది. మా నాన్నగారి తర్వాత నాకు వచ్చింది. ఈమధ్య తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను విరిగింది. కొత్తది దొరక్క రైఫిల్ నెలల తరబడి మూలన పడి ఉంది. మళ్లీ ఆ ఇబ్బంది రాకుండా పిన్ను, స్ప్రింగులు, పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, తూటాలు నింపే మేగజైన్ ఒకటి, దొరికితే ఇంకో బోల్ట్ (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే భాగం), బారెల్ కూడా కొని ఇంట్లో ఉంచుకోవాలనుకుంటున్నాను. తెలిసిన లేత్ మిషన్ మేస్త్రీ పిన్ను చేసిస్తానంటున్నాడు. విదేశంలో ఉన్న మా అల్లుడు అక్కడ అన్నీ దొరుకుతాయి, పార్శిల్ చేస్తానంటున్నాడు. రైఫిల్‌కి లైసెన్సు ఉంది కాబట్టి వీటికి విడిగా ఏ అనుమతీ అక్కర్లేదని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: మీ మిత్రులు చెప్పింది చాలామంది లైసెన్సుదారులు నమ్మే మాటే. కానీ దాన్ని పట్టుకుని ముందుకెళితే చిక్కుల్లో పడతారు. మీ లైసెన్సు ఒక ఫలానా నంబరున్న రైఫిల్‌కి ఇచ్చినది. మీరు కొనాలనుకుంటున్నవి దాని విడిభాగాలే కావచ్చు, కానీ 1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకీ భాగం కూడా తుపాకీయే. ఆ చట్టం సెక్షన్ 2లో ఫైర్‌ఆర్మ్ అంటే ఏమిటో చెబుతూ, పేల్చే ఆయుధంతో పాటు దాని భాగాలనూ, వాటిని తయారుచేసే యంత్రాలనూ అందులోనే చేర్చారు. కాబట్టి నూనె గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టిన ఫైరింగ్ పిన్నును పోలీసు అధికారి ఉత్త ఇనప ముక్కగా చూడనక్కర్లేదు. సెక్షన్ 3 కింద లైసెన్సు లేకుండా ఫైర్‌ఆర్మ్ దగ్గర పెట్టుకున్నారని కేసు రాయడానికి ఆయనకు చట్టంలో ఆధారం ఉంది. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి సెక్షన్ 25(1బి) కింద కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. జరిమానా అదనం.

ఇక్కడ మీ మిత్రులు సెక్షన్ 45 గుర్తు చేయవచ్చు. చిన్న చిన్న భాగాలకు ఈ చట్టం వర్తించదని అందులో ఉన్న మాట నిజమే. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. ఆ భాగాలను దగ్గర పెట్టుకున్న వ్యక్తి దగ్గర గానీ, మరెవరి దగ్గరైనా గానీ ఉన్న మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే ఆ మినహాయింపు దొరుకుతుంది. పాత సామానులో ఎప్పటిదో ఒక స్ప్రింగు దొరికిన మనిషికి అది రక్షణ. మీ సంగతి వేరు. మీరు పిన్ను కొంటున్నదే మీ రైఫిల్‌లో వేసుకోవడానికి. అంటే ఆ మినహాయింపు ఎవరికి దొరకదని చట్టం చెప్పిందో సరిగ్గా ఆ స్థానంలో మీరున్నారు. పైగా చిన్న భాగం అంటే ఏదో చట్టం ఎక్కడా నిర్వచించలేదు. స్క్రూ చిన్నదే అని అందరూ ఒప్పుకుంటారు. బోల్ట్ చిన్నదని ఎవరూ అనరు. ఫైరింగ్ పిన్ను దగ్గరికి వచ్చేసరికి వాదన మొదలవుతుంది.

విమానాశ్రయంలో బ్యాగులో ఒక్క తూటా దొరికిన కేసులను హైకోర్టులు కొట్టేశాయి కదా అని కొందరు అడుగుతుంటారు. అలాంటి కేసుల్లో ప్రధానంగా చూసింది, ఆ వస్తువు తన దగ్గర ఉన్నట్టు ఆ మనిషికి తెలుసా అన్నది. తెలియకుండా బ్యాగు అడుగున ఉండిపోయిందని నమ్మితే కేసు నిలవదు. బిల్లు కట్టి, డబ్బాలో సర్దిపెట్టుకున్న విడిభాగాల విషయంలో మీరు ఆ మాట అనలేరు. వాటిని మీ తమ్ముడి ఇంట్లో దాచినా లాభం లేదు. వస్తువు చేతిలో లేకపోయినా దాని మీద అధికారం, అదుపు ఉంటే అది మీ స్వాధీనంలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. అప్పుడు మీతో పాటు మీ తమ్ముడూ ఇరుక్కుంటాడు.

మీ తరఫున వాదన లేకపోలేదు. లైసెన్సు ఉన్న రైఫిల్‌ని పనిచేసే స్థితిలో ఉంచుకోవడం లైసెన్సుదారు హక్కులో భాగమని, అందుకు అవసరమైన పిన్ను, స్ప్రింగు ఆ లైసెన్సు కిందికే వస్తాయని కోర్టులో గట్టిగానే చెప్పవచ్చు. సెక్షన్ 3 కింద కేసు నడపాలంటే సెక్షన్ 39 ప్రకారం ముందుగా జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి కాబట్టి అక్కడా ఒక వడపోత ఉంది. కానీ ఆ వాదన గెలిచే లోపు రైఫిల్ స్వాధీనం చేసుకుంటారు, లైసెన్సు సస్పెండ్ కావచ్చు, బెయిల్ కోసం తిరగాలి. ఒక దరఖాస్తుతో తప్పిపోయే టెన్షన్ అది.

అందుకని ముందు ఏవి నిజంగా అవసరమో తేల్చుకోండి. శుభ్రం చేసే కడ్డీ, బ్రష్షులు, నూనె, స్లింగ్, బట్‌కి వేసే రబ్బరు ప్యాడ్, రైఫిల్ కవర్ లాంటివి తుపాకీ పేలడంతో సంబంధం లేని సామాను. వీటికి నా సలహా అక్కర్లేదు, కొనుక్కోండి. స్టాక్ స్క్రూలు, సైట్ స్క్రూల గురించి కూడా నేను కంగారు పెట్టను. బిల్లు మాత్రం దాచుకోండి.

ఫైరింగ్ పిన్ను, దాని స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్, ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు. బోల్ట్ రైఫిల్‌లో అరిగేవి, విరిగేవి ఎక్కువగా ఇవే. మీ అవసరం కూడా ఇక్కడే ఉంది. ఒక్కోటి ఒకటి చొప్పున ఉంచుకోవడం సబబు. అరడజను పిన్నులు ఉంటే సొంతానికా, అమ్మకానికా అన్న ప్రశ్న వస్తుంది, అది మరో పెద్ద నేరం వైపు దారి తీస్తుంది. మీకు లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే కలెక్టర్‌కి గానీ కమిషనరేట్ పరిధిలో అయితే పోలీసు కమిషనర్‌కి గానీ, ఒక పేజీ దరఖాస్తు పెట్టండి. లైసెన్సు నంబరు, రైఫిల్ తయారీదారు, బోరు, రైఫిల్ మీదున్న నంబరు, ఏ భాగం ఎన్ని, ఎందుకు, ఏ లైసెన్సు డీలర్ దగ్గర కొంటారో రాయండి. వీటిని ఇదే రైఫిల్‌కి మాత్రమే వాడతానని రాసి, లైసెన్సు మీద నమోదు చేయమని గానీ లిఖితపూర్వకంగా అనుమతివ్వమని గానీ కోరండి. రసీదు ముద్ర వేయించుకున్న కాపీ ఉంచుకోండి. నెలలు గడిచినా జవాబు రాకపోతే దాన్నే అనుమతి అనుకోవద్దు, గుర్తు చేస్తూ మళ్లీ రాయండి. ఈలోగా పిన్ను మార్చాల్సి వస్తే రైఫిల్‌నే డీలర్ దగ్గరికి తీసుకెళ్లి అక్కడే వేయించుకోండి. విడి భాగం ఇంటికి రానప్పుడు ఈ తలనొప్పే లేదు. నన్నడిగితే మీకు అన్నిటికంటే సులువైన దారి ఇదే.

మేగజైన్ కూడా తుపాకీ భాగమే. రెండోది కావాలంటే అదే దరఖాస్తులో చేర్చండి.

బోల్ట్, బారెల్ విషయంలో మాత్రం వద్దనే చెబుతాను. బోల్ట్ అంటే పిన్ను, ఎక్స్‌ట్రాక్టర్ బిగించి ఉండే ప్రధాన భాగం. దాన్ని చిన్న భాగం అని ఏ కోర్టులోనూ వాదించలేం. సెకండ్ హ్యాండ్ బోల్ట్ మీద నంబరు గీకేసి ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. గుర్తింపు నంబరు లేని ఫైర్‌ఆర్మ్ ఎవరి దగ్గర ఉంటే, ఆ నంబరు చెరిపింది వాళ్లేనని సెక్షన్ 8 ముందే ఊహిస్తుంది. కాదని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక రైఫిల్ బోల్ట్ ఇంకో రైఫిల్‌లో దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. బోల్ట్ ముఖం నుంచి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) తూటా ముందుకు పోకుండా ఆపే అంచు దాకా ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది ఎక్కువైతే పేల్చినప్పుడు తూటా గొట్టం చిరిగి, వేడి వాయువు వెనక్కి, పేల్చేవాడి ముఖం వైపు వస్తుంది. ఆ కొలత గేజ్ పెట్టి చూసేవాడు లేకుండా బోల్ట్ మార్చకండి. రిసీవర్, అంటే నంబరు కొట్టి ఉండే అసలు శరీరం, విడిగా కొనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. అది ఇంకో రైఫిల్ కిందే లెక్క. 2019 తర్వాత ఒక మనిషికి మామూలుగా రెండు తుపాకులే పరిమితి.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. చప్పుడు తగ్గించేవి, మంట కనపడకుండా చేసేవి అంటూ గొట్టాలు అమ్మేవాళ్లు ఉంటారు. అవి తుపాకీకి బిగించకుండా డబ్బాలో ఉన్నా సరే, చట్టం నిర్వచనంలోనే ఫైర్‌ఆర్మ్‌లు. ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఇప్పుడు లేత్ మేస్త్రీ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆయన మంచి పనివాడే కావచ్చు. కానీ తుపాకీ భాగం తుపాకీయే అయినప్పుడు, దాన్ని చేయడం తుపాకీ తయారుచేయడమే. సెక్షన్ 5 కింద తయారీకీ, మరమ్మతుకూ వేరే లైసెన్సు ఉండాలి. అది లేకుండా చేస్తే సెక్షన్ 25(1) కింద కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. అదే సెక్షన్ 5లో 2019లో సంపాదించడం అన్న అర్థం వచ్చే మాటలు కూడా చేర్చారు, కాబట్టి చేయించుకున్న మీ మీద కూడా అదే సెక్షన్ పెట్టే వీలుంది. ఆయన రోజంతా ఇతర పనుల మీద బతికే మనిషి. మీ పిన్ను కోసం ఆయన్ని ఏడేళ్ల కేసులోకి లాగకండి. పిన్ను పొడవు, మొన గుండ్రం తేడా వస్తే ప్రైమర్‌కి, అంటే తూటా అడుగున పిన్ను కొట్టే చిన్న మూతకి, చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. త్రీడీ ప్రింటర్ మీద చేసినా ఇదే చట్టం.

అల్లుడి పార్శిల్ కూడా వద్దు. దేశంలోకి ఆయుధాలు తేవడానికి సెక్షన్ 10 లైసెన్సు అడుగుతుంది. సొంత వాడకానికి కొద్దిపాటి వెసులుబాటు అందులో రాసి ఉన్నా, విదేశీ వాణిజ్య నిబంధనల్లో తుపాకులూ వాటి భాగాలూ ఆంక్షలున్న సరుకు. పార్శిల్ కస్టమ్స్ దగ్గర ఆగితే జప్తు, పెనాల్టీ, ఆపైన కేసు. పైగా పంపే దేశంలో కూడా ఎగుమతి లైసెన్సు అడుగుతారు. అమెరికా నుంచైతే తుపాకీ భాగాల్లో ఎక్కువ వాటికి అది తప్పనిసరి. అది లేకుండా పంపితే అల్లుడి ఉద్యోగానికీ వీసాకీ ముప్పు. ఫోన్ చేసి ఇవాళే ఆపించండి. పోటీల్లో పాల్గొనే షూటర్లకు దిగుమతి దారి వేరుగా ఉంటుంది, దాన్ని చూసి మీకూ వర్తిస్తుందనుకోకండి.

రిపేరుకి మీరు స్వయంగా వెళ్లలేకపోతే ఇంకొకరి చేత పంపవచ్చు. లైసెన్సుదారు రాసిచ్చిన అధికార పత్రం ఉంటే, లైసెన్సు లేని మనిషి కూడా మరమ్మతు కోసం ఆయుధాన్ని తీసుకెళ్లవచ్చని సెక్షన్ 3లోనే ఉంది. ఆ కాగితం మీద రైఫిల్ నంబరు, తీసుకెళ్లే మనిషి పేరు, వెళ్లే డీలర్, తేదీ, మీ సంతకం ఉండాలి. మీ లైసెన్సు కాపీ జత చేయండి. తూటాలు మాత్రం దాంతో పంపకండి.

అనుమతితో కొన్న భాగాలను రైఫిల్‌తో పాటే తాళం వేసి ఉంచండి. బిల్లు, అనుమతి కాగితం కాపీ వాటి పక్కనే పెట్టండి. ఎన్నికల వేళ రైఫిల్ డిపాజిట్ చేయమని ఆదేశం వస్తే విడిభాగాలను కూడా జాబితా రాసి అప్పగించి, రసీదులో ఆ జాబితా ఎక్కించమనండి. లైసెన్సు రెన్యువల్ ఆలస్యమై గడువు దాటితే, రైఫిల్ లాగే ఇవి కూడా ఆ రోజు నుంచి అక్రమమే అవుతాయి. వెంటనే పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు డీలర్ దగ్గర గానీ పెట్టాలి.

మీకు అక్కర్లేని భాగాన్ని స్నేహితుడికి ఇవ్వాలన్నా పద్ధతి ఉంది. ఆయనకు తగిన లైసెన్సు ఉండాలి. మీరు ముందుగా జిల్లా మెజిస్ట్రేట్‌కి గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి గానీ ఆయన పేరు, చిరునామాతో రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు గడవాలి. ఒక స్ప్రింగుకి ఇంత తతంగమా అనిపిస్తే డీలర్‌కే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇప్పుడు మీ దగ్గరున్న విరిగిన పిన్నునూ అలాగే చేయండి. కొత్త పిన్ను వేయించుకునే రోజున పాతది డీలర్‌కి అప్పగించి, బిల్లు మీదే ఆ మాట రాయించుకోండి.