చెరకు తీపి మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా. మూడెకరాల్లో చెరకు వేస్తాను. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. కాలేజీ వాళ్లు ఇక్కడి పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లినప్పటి నుంచి ‘చెరకులో తీపి జన్యువుల మీద పరిశోధన చేస్తా’ అంటోంది. మా దగ్గరి ఫ్యాక్టరీ మూతపడింది. ఊళ్లో చాలామంది చెరకు మానేశారు. మేమే వదిలేస్తున్న పంటను పట్టుకుని పిల్ల ఎలా బతుకుతుంది? బంధువులేమో నర్సింగ్ అనీ, బయోటెక్నాలజీ బీటెక్ అనీ అంటున్నారు.

జవాబు: మీరు ఎప్పుడైనా బెల్లం వండి ఉంటే, మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది మీకు సగం తెలిసినట్టే. గడ నరికి నాలుగు రోజులు గట్టు మీద వదిలేస్తే ఏమవుతుంది? ఎంత కాచినా పాకం సరిగ్గా కట్టదు, బెల్లం మెత్తగా జిగురుగా దిగుతుంది. గడలో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది సుక్రోజ్‌ను, అంటే గట్టిపడే చక్కెరను, గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విరగ్గొడుతుంది. అవి గట్టిపడవు. మొవ్వు దగ్గర గడ చప్పగా ఉండేదీ ఇందువల్లే. పైన లేత కణుపుల్లో ఈ ఎంజైమ్ జోరు ఎక్కువ, ఆకుల నుంచి దిగిన చక్కెరను విరగ్గొట్టి ఎదుగుదలకు వాడేస్తుంది. కణుపు ముదిరేకొద్దీ దాని జోరు తగ్గి, చక్కెర నిల్వ పడుతుంది. ఆకులో చక్కెరను తయారుచేసే ఎంజైమ్ వేరు, దాన్ని గడలోకి చేరవేసే ప్రొటీన్లు వేరు. ఎవరు ఎప్పుడు ఎంత పనిచేయాలో నడిపించేది జన్యువులు.

ఇక్కడే అసలు చిక్కు. జన్యువులుండే పోగులను క్రోమోజోములంటారు. మనిషికి అవి 46, వరికి 24. ఇప్పుడు మనం వేసే చెరకు రకాల్లో 100 నుంచి 130 దాకా ఉంటాయి. ఎందుకంటే అవి సంకరాలు. తీపి ఎక్కువ ఉన్న పాత చెరకును మన కాలవ గట్ల మీద పెరిగే రెల్లుగడ్డితో కలిపారు. తీపి చెరకు నుంచి, మొండితనం రెల్లు నుంచి. అలా కోయంబత్తూరులో పుట్టిన కో 205 అనే రకం 1918లో రైతుల చేతికి వచ్చింది. ఫలితంగా ఒక్కో జన్యువుకు పది దాకా నకళ్లు ఉండొచ్చు, అవన్నీ ఒకలా ఉండవు. వాటిలో తీపిని పెంచేది ఏది, ఊరకే కూర్చున్నది ఏది? వరి జీనోమ్, అంటే దాని జన్యు సమాచారం మొత్తం, 2005లోనే చదివేశారు. ఆర్570 అనే సంకర చెరకు జీనోమ్ వివరంగా బయటికి రావడానికి 2024 దాకా పట్టింది. అంటే మీ అమ్మాయి ఎంచుకున్నది పని అయిపోయిన రంగం కాదు, ఇప్పుడే తలుపు తెరుచుకున్న రంగం.

బయోటెక్నాలజీ బీటెక్ సంగతి. ఈ అమ్మాయికైతే నేను వద్దంటాను. వ్యవసాయ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ సీటుకు సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతారు. అది లేకపోతే ల్యాబ్ దాకా వెళ్లొచ్చు గానీ, పొలంలో రకాన్ని తయారుచేసే పనికి దారి దాదాపు మూసుకుపోతుంది. కాబట్టి ఏపీ ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు, నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్. రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. భూమి కాగితాలు, గ్రామీణ ప్రాంతంలో చదివిన సర్టిఫికెట్లు ఇప్పుడే సిద్ధం చేసుకోండి, చివర్లో ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ తప్పుతుంది. షరతులు మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూడండి. ప్రైవేటు కాలేజీలో చేర్చాల్సి వస్తే, దానికి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఇక మీ అసలు భయం, బతుకుదెరువు. చెరకు శాస్త్రవేత్త పోస్టులు దేశం మొత్తం మీద తక్కువే, అది దాచను. కోయంబత్తూరు, లక్నో కేంద్రాలు, రాష్ట్రాల్లో మన అనకాపల్లి లాంటివి కొన్ని, అంతే. పీహెచ్‌డీ దాకా చదవాలి, పోటీ పరీక్ష గట్టెక్కాలి. అయితే బీఎస్సీ అగ్రికల్చర్‌తోనే వ్యవసాయాధికారి పోస్టుకూ, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగానికీ పోటీపడొచ్చు. మధ్యలో మనసు మారినా చేతులు ఖాళీగా ఉండవు. ఇంకో సంగతి, జొన్న చెరకుకు దగ్గర చుట్టం. దానికి 20 క్రోమోజోములే. తీపి జొన్న కాడలోనూ రసం ఉంటుంది. జొన్న మీద పనిచేసే పెద్ద సంస్థలు హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ. చెరకు జన్యువులతో కుస్తీ పట్టినవాళ్లకు మిగతా పంటలు తేలిగ్గా అనిపిస్తాయి. విత్తన కంపెనీలకు కావాల్సిందీ ఆ నేర్పే.

నాకు సందేహం ఉన్నది ఒక్కచోటే, ఓపిక. పొలంలో మనం ముచ్చెలు, అంటే గడ ముక్కలు, నాటుకుంటాం. కొత్త రకం కావాలంటే మాత్రం చెరకు పూతలోని దూదిలాంటి నూగు విత్తనం మొలవాలి. వేల మొలకల్లోంచి ఏరుకుంటూ పోతే, పదేళ్లు దాటాక ఒక రకం మిగులుతుంది. అదీ ఎర్రకుళ్లు తెగులుకు తట్టుకుంటేనే. ఇలాంటి పనిలో పిల్ల నిలబడుతుందా అన్నది ఒక్క విహారయాత్రతో తేలదు. ఇంటర్ పరీక్షలు అయ్యాక, తోటలో గడలు ఇంకా ఉంటే ఒక పని చెప్పండి. రసంలో తీపి ఎంతుందో చూపే, చేతిలో పట్టేంత రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనివ్వండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వారానికోసారి అవే పది గడల్లో మొదలు దగ్గర, నడుమ, మొవ్వు దగ్గర ఒక్కో చుక్క రసం తీసి, అది చూపే బ్రిక్స్ అంకెను నోట్‌బుక్‌లో రాయమనండి. మొక్కతోటకు ఒక పేజీ, నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే కార్శితోటకు ఒక పేజీ. నాలుగో వారం ఎండలో మీరు పిలవకుండానే నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరితే, ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్‌కే ఆప్షన్ పెట్టించండి.