సాలిడ్‌వర్క్స్ రెండు వెర్షన్లు, బోల్టుల ఫోల్డర్ ఒకటే: కుదురుతుందా?

మీరు అడిగింది ఇది: "ఆఫీసులో ఆరు సిస్టమ్స్‌లో సాలిడ్‌వర్క్స్ 2020, రెండింట్లో 2022. టూల్‌బాక్స్‌ని సర్వర్లో ఒకే చోట పెట్టి అందరం వాడుకోవచ్చా, వెర్షన్‌కో ఫోల్డర్ పెట్టుకోవాలా?"

తెలియనివాళ్ల కోసం: సాలిడ్‌వర్క్స్ అంటే యంత్రాలను 3డీలో గీసే సాఫ్ట్‌వేర్, టూల్‌బాక్స్ అంటే అందులోని రెడీమేడ్ బోల్టులు, నట్ల లైబ్రరీ. నన్నడిగితే రెండూ వద్దు. ఎందుకో చెప్పాలంటే సికింద్రాబాద్ హార్డ్‌వేర్ బజారు రాణిగంజ్ దాకా వెళ్లి రావాలి, కాస్త ఓపిక పట్టండి.

బాలానగర్‌లో ఫిక్స్చర్లు (పని ముక్కను కదలకుండా పట్టే బిగింపులు), చిన్న ఎస్పీఎంలు (ఒక్క పని కోసమే చేసే యంత్రాలు) గీసే ఆఫీసు మాది. అప్పట్లో మా దగ్గరా మీ పరిస్థితే. అందరూ 2020 మీద ఉన్నారు, టూల్‌బాక్స్ సర్వర్లో ఉంది, బండి బాగానే నడుస్తోంది. ఒక కస్టమర్ 2022 ఫైళ్లు పంపడం మొదలుపెట్టాడు. దాంతో ఒక ల్యాప్‌టాప్‌లో 2022 వేయాల్సి వచ్చింది. శనివారం సాయంత్రం, అందరూ వెళ్లిపోయారు, ఇంటికెళ్లే తొందర. ఇన్‌స్టాలేషన్ మధ్యలో టూల్‌బాక్స్ ఎక్కడ పెట్టాలి, కొత్తదా, ఉన్నదాన్నే అప్‌గ్రేడ్ చేయాలా అని ఒక స్క్రీన్ వస్తుంది. సర్వర్ దారి చూపించి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయారు. "పోయారు" అంటున్నాను గానీ, కొట్టింది నేనే.

సోమవారం పొద్దున్నే 2020 సిస్టమ్స్ అన్నీ మొండికేశాయి. సర్వర్లోని టూల్‌బాక్స్ మొత్తం 2022కి మారిపోయింది. కొత్త వెర్షన్‌లో సేవ్ అయిన ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదని ఈ లైన్లో అందరికీ తెలుసు. బోల్టు కూడా ఫైలే అన్న సంగతి మాత్రం ఆ క్షణం దాకా ఎవరికీ తట్టదు.

డెలివరీ మెడ మీద కత్తిలా ఉంది. అందుకని తాత్కాలికంగా ప్రతి సిస్టమ్‌నూ దాని సీ డ్రైవ్‌లోని టూల్‌బాక్స్‌కి తిప్పాం. ఒక కుర్రాడి సిస్టమ్‌లో ఉన్నది స్టాండర్డ్, అంటే సాలిడ్‌వర్క్స్‌లో కింది ఎడిషన్. టూల్‌బాక్స్ వచ్చేది ప్రొఫెషనల్, ప్రీమియంలలోనే, స్టాండర్డ్‌లో రాదు. పక్క సిస్టమ్‌ నుంచి ఆ ఫోల్డర్ కాపీ చేసి ఇచ్చేశాం. అసెంబ్లీ (భాగాలన్నీ కూర్చిన ఫైల్) తెరుచుకుంది, ఎర్రర్ లేదు, అందరం హమ్మయ్య అనుకున్నాం.

టూల్‌బాక్స్‌లో అలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది) అంటే సైజుకో ఫైల్ ఉండదు. మామూలు సెట్టింగులో ఒకే ఫైల్ ఉంటుంది, మీరు వాడిన సైజు వాడినట్టు దాంట్లో కాన్ఫిగరేషన్‌గా, అంటే అదే ఫైల్లో ఇంకో రూపంగా, చేరుతూ పోతుంది. సర్వర్లోని ఫైల్లో మేం ఏళ్ల తరబడి వాడిన సైజులన్నీ ఉన్నాయి. కాపీ చేసిచ్చిన ఫైల్లో లేవు. టూల్‌బాక్స్ ఉన్న సిస్టమ్ అయితే లేని సైజును పుట్టించుకోగలదు. స్టాండర్డ్‌కి ఆ శక్తి లేదు, ఫైల్లో ఏది ఉంటే దాన్నే పట్టుకుంటుంది. దొరికింది ఎం36, అంటే 36 మిల్లీమీటర్ల లావు బోల్టు.

స్క్రీన్ మీద కనబడితే ఎవడైనా కేకేసేవాడు. మా ఆఫీసులో అసెంబ్లీ బరువెక్కకుండా బోల్టులన్నీ హైడ్ చేసి పని చేసే అలవాటు ఉంది. హైడ్ చేసినా బీఓఎంలో, అంటే భాగాల జాబితాలో, లెక్కకు వస్తాయి. కుర్రాడు బీఓఎం తీశాడు, పర్చేజ్‌కి మెయిల్ కొట్టాడు, టీకి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టోర్స్ అతను చేతిలో ప్రింటుతో నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "సార్, అలెన్ బోల్టు ఎం36, నలభై ఎనిమిది కావాలని రాసిన్రు. రాణిగంజ్ అంతా తిరిగిన. ఒక షాపాయన, రైలు ఇంజన్ చేస్తున్నరా అని అడిగిండు."

అసెంబ్లీ తెరిచి బోల్టులు కనబడేలా పెట్టాను. వానాకాలం గడ్డివాము మీద పుట్టగొడుగులు లేచినట్టు ఫిక్స్చర్ అంతా తలలే. ఉండాల్సిన ఎం8 తల వ్యాసం 13 మిల్లీమీటర్లు, ఎం36ది 54. రెండు వేళ్ల వెడల్పు క్లాంపు ఒక్క బోల్టు తల కింద కనబడకుండా పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బోల్టులు కొనకముందే దొరికిపోయింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను.

ఇక మీ ప్రశ్న. వెర్షన్‌కో ఫోల్డర్ పెట్టండి అని డీలర్ దగ్గర్నుంచి అందరూ చెప్తారు. తప్పు కాదు, సగం మందు. 2022 ఫోల్డర్లో పుట్టిన సైజు 2020 ఫోల్డర్లో ఉండదు, మళ్లీ అదే పుట్టగొడుగుల కథ. పైగా ఆరు నెలలకు ఏ ఫోల్డర్లో ఏముందో దేవుడికే తెలియాలి.

మేం చేసింది ఇది. ముందు నిజంగా వాడే సైజులు రాసుకున్నాం. టూల్‌బాక్స్ వేల సైజులు చూపిస్తుంది గానీ మా షాపులో తిరిగేవి ఎం5 నుంచి ఎం16 దాకా అలెన్లు, కొన్ని హెక్స్ బోల్టులు, డోవెల్ పిన్నులు, వాషర్లు. అన్నీ కలిపి 140 తేలాయి. టూల్‌బాక్స్ సెట్టింగుల్లో క్రియేట్ పార్ట్స్ పెట్టి సైజుకో ఫైల్ చేశాం, అందరిలోకీ పాత వెర్షన్ అయిన 2020లోనే. తర్వాత ఆ ఫైళ్లకున్న టూల్‌బాక్స్ ముద్ర తీసేయాలి. లేకపోతే సాలిడ్‌వర్క్స్ వాటిని ఇంకా తన సొత్తే అనుకుని టూల్‌బాక్స్ ఫోల్డర్లో వెతుకుతుంది. సాలిడ్‌వర్క్స్ ఇన్‌స్టాల్ అయిన చోట టూల్‌బాక్స్ ఫోల్డర్లో డేటా యుటిలిటీస్ అని ఉంటుంది. అందులోని ఎస్ఎల్‌డీ సెట్ డాక్ ప్రాప్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ఈ 140 ఫైళ్ల ఫోల్డర్ సర్వర్లో రీడ్ ఓన్లీ. రాసే హక్కు ఒక్కరికే, అది నాకు కాదు. సిస్టమ్ ఆప్షన్స్‌లో ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ కిందికి వెళ్లి, రీడ్ ఓన్లీ ఫైళ్లను సేవ్ చేయాలా అని అడగొద్దు అన్న టిక్ కూడా పెట్టండి. లేకపోతే మూసిన ప్రతిసారీ ప్రాణం తీస్తుంది.

ఇబ్బంది లేదని అనను. 2022 ఈ పాత ఫైళ్లను తెరిచిన ప్రతిసారీ లోలోపల మార్చుకుంటుంది కాబట్టి పెద్ద అసెంబ్లీ నిదానంగా తెరుచుకుంటుంది. అయినా నాకు అదే నయం.

2024 గానీ ఆ తర్వాతది గానీ కొంటే పాత వెర్షన్‌లోకి సేవ్ చేసుకోవచ్చు కదా అని మీ డీలర్ అంటాడు. చేయొచ్చు, రెండు వెర్షన్లు వెనక్కే. మీ 2020 దాకా రాదు. లైబ్రరీ ఒక్కటీ సరిచేస్తే చాలదు, అసెంబ్లీ కూడా ఫైలే. ఏ ప్రాజెక్టు ఏ వెర్షన్‌లో మొదలైతే అందులోనే పూర్తి చేయాలి. మా వాళ్లు ప్రాజెక్టు ఫోల్డర్ పేరులోనే ఏడాది రాస్తారు.

ఇంకో కడుపుమంట. కొత్తగా వచ్చే పిల్లలకు అమీర్‌పేట కోచింగుల్లో కారు చక్రానికి మెరుపులద్దడం నేర్పుతారు, ఫైల్ ఎక్కడ సేవ్ అవుతుందో నేర్పరు. వచ్చీ రాగానే ప్రతి బోల్టుకీ నిజం మర హెలిక్స్‌తో, అంటే మెలితిరిగే గీత వెంట, కోస్తారు. నలభై ఎనిమిది బోల్టులకు నలభై ఎనిమిది హెలిక్సులు! కేటలాగ్ నుంచి దింపిన న్యూమాటిక్ సిలిండర్లో లోపలి స్ప్రింగు, ఓరింగ్ కూడా ఉంచేస్తారు. తర్వాత సిస్టమ్ స్లో, ర్యామ్ పెంచండి అంటారు.

ఫోల్డర్లు కదిలించే ముందు మీ ఎనిమిదింట్లో స్టాండర్డ్ ఎన్ని, ప్రొఫెషనల్ ఎన్ని అన్నది చూసుకోండి. సర్వర్లోని టూల్‌బాక్స్‌ను వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ కొట్టి, ఆ డిస్క్ పీకి బీరువాలో పెట్టండి. ఇన్‌స్టాలేషన్ మాత్రం శనివారం సాయంత్రం పెట్టుకోకండి.