థైరాయిడ్ రిపోర్టు పంపిన మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు పెద్దది చేసుకుని మరీ చూశాను. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4 మామూలుగానే ఉన్నాయి. టీఎస్‌హెచ్ మాత్రం 6.8 అని ముదురు అక్షరాల్లో వేసి, పక్కన ‘హై’ అని పెట్టారు. అది చూసి రాత్రంతా గూగుల్‌లో వెతికి, ఇక జన్మంతా మాత్రలే అని నువ్వే తేల్చేసుకున్నావట. వదిన చెప్పింది. రిటైరయ్యేదాకా ల్యాబ్‌లో ఈ రిపోర్టుల మధ్యే బతికినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. అలాగని బీరువాలో పడేయాల్సిన కాగితమూ కాదు, ముఖ్యంగా ఇప్పుడు నీ విషయంలో.

టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో తయారవదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పంపి, హార్మోన్ తయారుచేయమని థైరాయిడ్‌కి చెప్తుంది. పిలిస్తే పలకని మనిషిని గొంతు పెంచి పిలుస్తాం చూడు, అదే ఇక్కడా జరుగుతుంది. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, మితిమీరి పనిచేస్తే పడిపోతుంది. "నాకు థైరాయిడ్ ఎక్కువైందండీ, అందుకే ఒళ్ళు వచ్చింది" అని కౌంటర్ దగ్గర చెప్పేవాళ్ళు రోజూ తగిలేవారు. ఎక్కువైంది టీఎస్‌హెచ్, తగ్గింది థైరాయిడ్.

కాబట్టి టీఎస్‌హెచ్‌ని ఎప్పుడూ టీ4తో కలిపి చదవాలి. టీఎస్‌హెచ్ పెరిగి టీ4 తగ్గితే అది హైపోథైరాయిడే, అంటే థైరాయిడ్ మందగించడమే, మందు పడాల్సిందే. టీఎస్‌హెచ్ పెరిగినా టీ4 మామూలుగా ఉంటే సబ్‌క్లినికల్ అంటారు. నీ రిపోర్టు చూస్తే ప్రస్తుతానికి ఆ కోవలోదే. టీఎస్‌హెచ్ బాగా పడిపోయి టీ4 పెరిగితే హైపర్, అంటే థైరాయిడ్ మితిమీరి పనిచేయడం. ఇందులో గుండె దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉంటాయి, ఇది ఆలస్యం చేయకూడనిది. టీఎస్‌హెచ్ బాగానే ఉన్నట్టు కనిపించి టీ4 ఒక్కటే తగ్గితే పిట్యూటరీలో ఏదైనా తేడా ఉందేమో చూస్తారు. అరుదే కానీ, ఒక్క టీఎస్‌హెచ్ మాత్రమే చేయించుకుంటే అది బయటపడదు.

నీ రిపోర్టు మళ్ళీ తెరువు. టీ4 పక్కన 8.2 ఉంది కదా, అది టోటల్ టీ4. రక్తంలో ఉండే టీ4 దాదాపు అంతా ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది, ఒంటికి పనికొచ్చేది విడిగా ఉండే ఆ కాస్తే. దాన్ని కొలిచేది ఫ్రీ టీ4. గర్భం వచ్చినా, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు వాడుతున్నా ఆ ప్రోటీన్లు పెరిగి టోటల్ అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ప్యాకేజీల్లో తరచూ టోటలే ఇస్తారు. ఈసారి ఫ్రీ టీ4 కావాలని అడుగు, దాంతోపాటు యాంటీ టీపీఓ కూడా. మన ఒళ్ళే మన థైరాయిడ్ మీద దాడి చేస్తోందా లేదా అన్నది అందులో తెలుస్తుంది. అది పాజిటివ్ అయితే సమస్య ముందుముందు ముదిరే అవకాశం ఎక్కువ.

చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ హద్దు ఇంచుమించు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా ఉంటుంది. ఒకసారి 6 వచ్చి, రెండు మూడు నెలల తర్వాత చేయిస్తే దానంతటదే 3కి దిగినవాళ్ళు ఎంతోమంది. జ్వరంపడి లేచినప్పుడు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు చేయించిన టెస్టును అసలు నమ్మకూడదు. మీ నాయనమ్మకి ఎనభై దాటాక ఇంచుమించు ఇదే అంకె వస్తే డాక్టరుగారు మాత్ర రాయలేదు, ఆ వయసుకి అది మామూలే అన్నారు. పది దాటితే మాత్రం ఎక్కువమంది డాక్టర్లు మందు మొదలుపెడతారు.

అయితే నువ్వూ అల్లుడూ పిల్లల కోసం చూస్తున్నారు కదా. అందుకే "మూడు నెలలు ఆగి చూద్దాం" అన్న సలహా నీకు వర్తించదు. మొదటి మూడు నెలల్లో కడుపులో బిడ్డకి కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే వెళ్ళాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్ళలో టీఎస్‌హెచ్ కాస్త పెరిగినా డాక్టర్లు చిన్న మోతాదులో మందు ఇచ్చి, 2.5 లోపు ఉండేలా చూస్తారు. ఈ వారమే గైనకాలజిస్టునో, హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్టునో కలువు. పిల్లల కోసం చూస్తున్నామని మొదటి మాటగా చెప్పు, అడిగేదాకా ఆగకు. ఈలోపు నెల తప్పితే వెంటనే మళ్ళీ టెస్టు చేయించు.

రక్తం ఇచ్చేటప్పుడు ఎప్పుడూ ఒకే ల్యాబ్, పొద్దున ఒకే వేళ. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది, వేళ మారితే అంకే మారుతుంది. జుట్టు ఊడుతోందని వేసుకుంటున్న ఆ బయోటిన్ మాత్రలు టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపెయ్. చాలా మెషీన్లలో అది ఒంట్లో ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా చూపిస్తుంది. ల్యాబ్‌లో అడగరు, నువ్వే చెప్పాలి.

డాక్టరు థైరాక్సిన్ (ఆ టీ4 హార్మోనే మాత్రగా) రాస్తే పరగడుపున మంచినీళ్ళతోనే వేసుకో. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటలు ఎడం పెట్టు, లేకపోతే మందు ఒంటికి పట్టదు. మందు మొదలయ్యాక టెస్టుకి వెళ్ళే రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకో. మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ టీఎస్‌హెచ్ కుదురుకోదు, పదిహేను రోజులకే చేయించి మళ్ళీ కంగారుపడకు. గర్భం వస్తే మాత్రం లెక్క వేరు, డాక్టరు ఎప్పుడంటే అప్పుడే.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానెయ్యమని మీ అత్తగారు అంటున్నారట. ఎదురు చెప్పకు గానీ, వండిన కూర మామూలుగా తింటే ఏమీ కాదు. నాకు అంతకన్నా భయం మీ వంటింట్లో కొత్తగా చేరిన ఆ గులాబీ రంగు సైంధవ లవణం. అందులో సరిపడా అయోడిన్ ఉండదు. అయోడైజ్డ్ ఉప్పే వాడు.

పాత రిపోర్టులుంటే తారీఖుల వరసలో పెట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళు. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒకసారి చేయించుకున్నావు కదా, ఆ కాగితం అన్నయ్య ఫైల్లో ఉంటుంది, అడిగి ఫోటో తెప్పించుకో. కొత్త రిపోర్టు రాగానే నాకూ పంపు.

ప్రేమతో,
మీ అత్తయ్య