టెక్ సందేహాలు: పవర్ స్టేషన్‌లో ఛార్జ్ ఉంది, సాకెట్లలో కరెంటు లేదు

*మాది విశాఖ పెదవాల్తేరు. తుపాను రోజుల్లో పనికొస్తుందని నిరుడు వెయ్యి వాట్ల పోర్టబుల్ పవర్ స్టేషన్ (సాకెట్లున్న పెద్ద బ్యాటరీ పెట్టె) కొన్నాం. మొన్న కరెంటు పోతే ఫ్రిజ్ తగిలించాం. కాసేపటికే 230 వోల్టుల సాకెట్లు రెండూ ఆగిపోయాయి. యూఎస్‌బీలో ఫోన్లు మాత్రం ఛార్జ్ అవుతున్నాయి. బ్యాటరీ 70 శాతం చూపిస్తోంది. కొత్తది కొనాల్సిందేనా?*

అప్పుడే పర్సు తీయకండి. ఫోన్లు ఛార్జ్ అవుతున్నాయంటే బ్యాటరీకి పెద్దగా ఢోకా లేనట్టే. ఈ పెట్టెలో బ్యాటరీ ఒకటే అయినా కరెంటు బయటికొచ్చే దారులు వేరు. 230 వోల్టుల సాకెట్లకు బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టర్, కారు సాకెట్‌కూ యూఎస్‌బీకీ విడిగా కన్వర్టర్లు ఉంటాయి. అందుకే ముందు చూడాల్సింది ఏవేవి కలిసి పోయాయన్నది. ఒక్క సాకెట్టే పనిచేయకపోతే లోపలి రేకులు వదులయ్యాయేమో అనుకోవచ్చు. మీకు రెండూ ఒకేసారి ఆగాయి కాబట్టి ఇన్వర్టర్ కాలిపోయి ఉండాలి, లేదా తనను తాను కాపాడుకోడానికి ఆగిపోయి ఉండాలి. ఫ్రిజ్ తగిలించామన్నారు కనుక నా అనుమానం రెండోదాని మీదే.

నడిచేటప్పుడు 150 వాట్లు కూడా తీసుకోని ఫ్రిజ్, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. పక్క సాకెట్‌లో మిక్సీయో, రైస్ కుక్కరో ఉంటే ఇక చెప్పేదేముంది! అన్ని ప్లగ్గులూ పీకేసి, పెట్టెను పూర్తిగా ఆపి, ఓ అరగంట చల్లారనివ్వండి. మళ్లీ ఆన్ చేశాక ఆ సాకెట్ల బటన్‌ను విడిగా నొక్కాలి. కొన్ని మోడళ్లలో రెండు మూడు సెకన్లు నొక్కిపట్టాలి. డిస్‌ప్లేలో హెచ్చరిక గుర్తేదైనా ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత టేబుల్ ఫ్యాన్ ఒక్కటే పెట్టి చూడండి. అది తిరిగితే పెట్టె బాగున్నట్టే.

టెస్టర్ స్క్రూడ్రైవర్‌ను మాత్రం నమ్మకండి. ఇంటి లైన్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలుపుతారు, ఇందులో సాధారణంగా కలపరు. దాంతో టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ మసకగా వెలగొచ్చు, అసలు వెలగకపోనూవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూస్తేనే అసలు సంగతి తేలుతుంది.

నన్నడిగితే ఫ్రిజ్‌ను దీనికి తగిలించడమే దండగ. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక అల్లాడిన ఊరు మనది. అలాంటప్పుడు ఫోనూ ఫ్యానూ ముఖ్యం.

మీది సముద్రం దగ్గరి ఇల్లు కాబట్టి ఇంకో మాట. టార్చి వేసి పోర్టుల్లోకి చూడండి. పచ్చటి పొడి కనిపిస్తే అది ఉప్పుగాలి పని. పెట్టెను ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరనివ్వండి. పిన్నీసుతో గీకొద్దు. పెట్టెను బాల్కనీలో ఉంచొద్దు.

ఇవన్నీ చేసినా ఫ్యాన్ తిరగకపోతే సర్వీస్ సెంటరే గతి. డాబాగార్డెన్స్ రిపేరు షాపుల్లో ఫోన్ విప్పించినట్టు దీన్ని విప్పించకండి. ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. వేరే ఊరు పంపాలంటే రోడ్డు మార్గంలో వెళ్లే కొరియరే చూసుకోండి. 160 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల లగేజీలో విమానం ఎక్కనివ్వరు.

*గాజువాక నుంచి: మా పవర్ స్టేషన్‌కు వైఫై రూటర్ ఒక్కటే పెడితే అర్ధరాత్రి దానంతటదే ఆగిపోతోంది. పొద్దున్నే బటన్ నొక్కితే మామూలే. పోర్టు పాడైందా?*

పాడవలేదు, అది ఎకో మోడ్. రూటర్ తీసుకునేది పది వాట్ల లోపే ఉంటుంది కనుక, వాడేవాళ్లెవరూ లేరనుకుని పెట్టె ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లోనో, యాప్‌లోనో ఆ మోడ్ తీసేయండి. ఇంకా మంచి దారి, రూటర్‌ను 12 వోల్టుల డీసీ పోర్టు నుంచే నడపడం. ఇన్వర్టర్ తన కోసం తినే కరెంటు ఆదా అవుతుంది. కేబుల్ కొనేముందు రూటర్ అడుగున 12 వోల్టులని ఉందో, 9 అని ఉందో చూసుకోండి. 9 ఉంటే నేరుగా కలపొద్దు.