రీమాస్టర్ సరే, ఏ టేపు నుంచి?

విడుదలైన రోజుల్లో ఎవరూ పట్టించుకోని రాక్ ఆల్బమ్‌లు ఇప్పుడు రీమాస్టర్ (పాత టేపును మళ్లీ సర్ది తీసినది) ముద్రతో వరసగా మళ్లీ వస్తున్నాయి. ఈసారి పాఠకుల ప్రశ్నలన్నీ వాటి గురించే.

ప్రశ్న: 1980ల చివర వచ్చిన సీడీ ఒకటి నా దగ్గరుంది. అదే ఆల్బమ్ రీమాస్టర్ కూడా కొన్నాను. కొత్తది మొదటి పాటకు అదిరిపోయిందనిపిస్తుంది, నాలుగో పాటకల్లా తల బరువెక్కుతుంది. పాతది పెడితే నీరసంగా ఉంటుంది. ఏది మంచిదనుకోవాలి?

జవాబు: రెండూ ఒకే స్థాయిలో వినేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అది "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. ముందు ఆ తేడా తీసేయాలి.

రెండు సీడీల నుంచీ ఒకే పాటను వేవ్ ఫైలుగా తీసుకోండి. స్ట్రీమింగ్‌లో విని పోల్చొద్దు, అక్కడ వాల్యూమ్‌ను వాళ్లే సర్దేస్తుంటారు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒకదాని కింద ఒకటి తెరిచి, డ్రమ్స్ జోరుగా ఉన్న అదే 30 సెకన్ల ముక్కను రెండింటిలోనూ ఉంచుకుని మిగతాది తీసేయండి. తర్వాత 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్'తో రెండింటినీ మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినబడే గట్టితనపు కొలత) తెండి. ఎడమ కుడి చానళ్లను విడివిడిగా సర్దే టిక్కు మాత్రం తీసేయాలి. లేకపోతే స్టీరియో సమతూకమే మారిపోతుంది.

ఇప్పుడు ఒక్క స్నేర్ డ్రమ్ దెబ్బ మీదకు వెళ్లి, తెర మీద ఐదారు మిల్లీసెకన్లే కనబడేలా పెద్దది చేయండి. పాత సీడీలో ఆ దెబ్బ సూదిమొనలా నిలబడి ఉంటుంది. కొత్తదాంట్లో కొన బల్లపరుపుగా ఉంటే లిమిటర్ (ఒక హద్దు దాటిన ధ్వనిని అణిచే సాధనం) దాన్ని చెక్కేసినట్టే. మీ తలబరువు అక్కడి నుంచే వస్తోంది. ఇక్కడొక మెలిక ఉంది. క్లిప్పింగును (హద్దు తాకి కొనలు తెగిపోవడాన్ని) చూపించే ఎరుపు గీతలు తరంగం పూర్తి స్థాయిని తాకిన చోటే వస్తాయి. కొనలు చెక్కేశాక మొత్తాన్ని 0.3 డెసిబెల్ కిందికి దించి ముద్రించిన సీడీలో ఒక్క గీతా రాదు. గీతల్ని కాదు, ఆకారాన్ని చూడండి.

అలాగని పాతదే మంచిదని తేల్చేయొద్దు. తొలి సీడీల్లో చాలావాటిని అసలు మాస్టర్ (స్టూడియోలో తేల్చిన చివరి టేపు) నుంచి కాకుండా, ఎల్పీ (వినైల్ రికార్డు) గాడి కోయడానికి తయారుచేసిన కాపీ టేపు నుంచి తీశారు. సూది గాడి తప్పకుండా ఉండాలని ఆ కాపీలో బేస్ తగ్గించి, పైస్థాయిలను (ట్రెబుల్‌ను) అదిమి ఉంచేవారు. మీకు నీరసంగా అనిపించేది బహుశా అదే. అసలు టేపు నుంచి తీసిన రీమాస్టర్‌లో కొనలు రెండు మూడు డెసిబెళ్లు పోయినా మా ఓటు దానికే. ఆరేడు డెసిబెళ్లు పోయిందంటే పాతదాన్నే ఉంచుకుని, వాల్యూమ్ కాస్త పెంచుకోండి.

చాలామంది చూసే డీఆర్ (డైనమిక్ రేంజ్, అంటే సగటు ధ్వనికీ కొనలకూ మధ్య ఎడం) అంకె గురించి కూడా ఒక మాట. ఎల్పీని రికార్డు చేసి కొలిస్తే ఆ అంకె సీడీ కన్నా ఎక్కువే చూపిస్తుంది. రెండూ ఒకే మాస్టర్ నుంచి వచ్చినా అంతే. కోతలోనూ సూది చదవడంలోనూ ఫేజు జరగడం (ధ్వనిలోని పౌనఃపున్యాలు ఒకదానికొకటి కాస్త ముందూ వెనకా అవడం) వల్ల చెక్కేసిన కొనలు మళ్లీ లేచినట్టు కనబడతాయి, పోయిన ధ్వని తిరిగి రావడం కాదది. సీడీని సీడీతోనే పోల్చండి.

ప్రశ్న: ఒకే ఆల్బమ్‌కు మోనో, స్టీరియో, రీమాస్టర్, రీమిక్స్ అని నాలుగు రకాలు కనబడుతున్నాయి. ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి?

జవాబు: రీమాస్టర్ అంటే అప్పట్లో తేల్చిన రెండు చానళ్ల (లేదా మోనో) టేపును మళ్లీ సర్దడం. రీమిక్స్ అంటే గొంతు, గిటారు, డ్రమ్స్ విడివిడిగా ఉన్న మల్టీట్రాక్ దాకా వెనక్కి వెళ్లి కొత్తగా కలపడం. రెండోది ఒకరకంగా వేరే రికార్డే. ఇగ్గీ పాప్ బృందం స్టూజెస్ 1973లో తెచ్చిన 'రా పవర్' చూడండి. అప్పుడు వచ్చింది డేవిడ్ బౌవీ మిక్స్. 1997లో ఇగ్గీ పాప్ మల్టీట్రాక్ నుంచి మళ్లీ కలిపినది, అత్యంత బిగ్గరగా ఉన్న రాక్ సీడీల్లో ఒకటిగా పేరుపడింది. 2010 లెగసీ ఎడిషన్‌లో బౌవీ మిక్స్‌కే రీమాస్టర్ వచ్చింది. అట్ట ఒకటే, లోపల సరుకు వేరు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న "రీమిక్స్‌డ్", "రీమాస్టర్డ్" మాటలు చదవకుండా కొనొద్దు. మొదటిసారి వినేవాళ్లు అప్పటి మిక్స్‌తోనే మొదలుపెట్టాలని మా పట్టుదల.

మోనో సంగతి 1967-68 నాటి బ్రిటిష్ రికార్డుల దగ్గర ఇంకా ముఖ్యం. బ్రిటిష్ రాక్ బృందం జాంబీస్ 1967లో ఎక్కువ భాగం లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేసిన 'ఒడెసీ అండ్ ఒరాకిల్' 1968లో వచ్చేసరికి బృందమే విడిపోయింది. అందులోని 'టైమ్ ఆఫ్ ద సీజన్' అమెరికాలో పెద్ద హిట్టవడం 1969 మాట. మోనో మిక్స్‌తో డబ్బు అయిపోయాక కంపెనీ స్టీరియో కూడా కావాలంది. బృందంలోని రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్ సొంత డబ్బుతో చేయించారు. 'దిస్ విల్ బి అవర్ ఇయర్' దగ్గర చిక్కొచ్చింది. అందులోని బూరాలను మోనో మిక్స్ చేసేటప్పుడు నేరుగా దాని మీదే కలిపేశారు, మల్టీట్రాక్‌లో అవి లేవు. అందుకే తొలి స్టీరియో ఎల్పీలో ఆ ఒక్క పాట మోనోను సాగదీసి చేసిన ఉత్తుత్తి స్టీరియో. ఈ ఆల్బమ్ కొంటే మోనో ఉన్న ముద్రణే కొనండి.

"మోనో" అని అచ్చేసినవన్నీ అసలు మోనో మిక్స్‌లు కావు. కొన్ని స్టీరియో చానళ్లను కలిపేసినవి. పట్టుకోవడం తేలికే. మీ దగ్గరున్న స్టీరియో పాటను ఆడాసిటీలో మోనోగా మార్చి, అమ్ముతున్న మోనోతో పక్కపక్కన వినండి. గొంతు, గిటారు మధ్య ఎక్కువ తక్కువలూ, చివర ఫేడ్ అయ్యే తీరూ అచ్చు ఒకటే అయితే అది కలిపేసిన సరుకే.

ప్రశ్న: పాత ఎల్పీలో 3 నిమిషాల 30 సెకన్లున్న పాట రీఇష్యూలో 3 నిమిషాల 26 సెకన్లే ఉంది. కోసేశారా?

జవాబు: అట్ట మీది నిడివిని పట్టుకుని పోల్చకండి. పాట ముందు వెనకల నిశ్శబ్దం, ఫేడ్ ఎక్కడ ఆపారన్నది ముద్రణకో రకంగా ఉంటాయి. మొదటి డ్రమ్ దెబ్బ నుంచి చివర్లో స్పష్టంగా వినబడే ఒక దెబ్బ దాకా రెండింటిలోనూ కొలవండి. అలా కొలిచినా 210 సెకన్లు 206 అయితే, మధ్యలో ఎక్కడా కోత వినబడకపోతే, అది వేగం తేడా. 210ని 206తో భాగిస్తే 1.0194. అంటే 1.94 శాతం వేగం, శ్రుతి సుమారు 33 సెంట్లు పైకి. అర్ధస్వరానికి 100 సెంట్లు కాబట్టి మూడో వంతు. పాటతోపాటు గిటారు వాయించేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

తప్పు కొత్తదానిదే అని గ్యారంటీ లేదు. ఎల్పీ నుంచి ఎక్కించుకున్నప్పుడు ముందు మీ టర్న్‌టేబుల్ వేగాన్ని స్ట్రోబ్ డిస్కుతో (వేగం సరిగ్గా ఉంటే గీతలు కదలనట్టు కనబడే పలక) సరిచూడండి. అది సరిగ్గా ఉన్నా, అప్పట్లో ఎల్పీ కోసిన యంత్రం ఎక్కువ వేగంతో తిరిగి ఉండొచ్చు. పాటకు ఊపు రావాలని బృందమే వేగం పెంచి ఉండొచ్చు కూడా.

తేల్చడానికి ఒక సాక్ష్యం ఉంది, కరెంటు హమ్. ఆంప్లిఫయర్ల గుంయ్ శబ్దం బ్రిటన్ స్టూడియోలో 50 హెర్ట్జ్ మీద, అమెరికాలో 60 మీద, వాటి గుణిజాల మీద టేపులోకి ఎక్కుతుంది. పాట మొదలయ్యే ముందో, వాద్యాలు ఆగిన క్షణంలోనో ఉన్న రెండు సెకన్ల ముక్కను ఎంచుకుని ఆడాసిటీలో 'ప్లాట్ స్పెక్ట్రమ్' తెరిచి, సైజు 65536 పెట్టండి. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్లో 0.67 హెర్ట్జ్ దాకా తేడా కనబడుతుంది. అమెరికా రికార్డింగులో మూడో గుణిజం 180 దగ్గర ఉండాలి. అది 183.5 దగ్గర కనబడితే ఈ టేపు 1.94 శాతం వేగంగా తిరిగిందన్నమాట. 180 దగ్గరా 183.5 దగ్గరా రెండు శిఖరాలుంటే, ఒకటి అప్పటి స్టూడియోది, ఇంకొకటి తర్వాత కాపీ చేసినచోట ఎక్కినది. నాయిస్ రిడక్షన్ గట్టిగా చేసిన రీమాస్టర్‌లో ఏ శిఖరమూ మిగలదు. అప్పుడీ దారి మూసుకున్నట్టే.

సరిచేసుకోవాలంటే వేగమూ శ్రుతీ కలిసి మారే ఎఫెక్ట్ వాడి 0.981 గుణకం ఇవ్వండి. టెంపో మాత్రమే మార్చే ఎఫెక్ట్ జోలికి పోవద్దు, అది శ్రుతిని అక్కడే ఉంచి ధ్వనిని ముక్కలుగా సాగదీస్తుంది.

ప్రశ్న: 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లకు ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

జవాబు: అంకెల కోసమైతే వద్దు. ఆ కాలపు టేపు హిస్ (సుయ్‌మనే శబ్దం) సీడీలో ఉండే అతి తక్కువ శబ్దస్థాయి కన్నా చాలా పైనే ఉంటుంది. ఆ మాస్టరింగ్ సీడీ కన్నా తక్కువ చెక్కుడుతో ఉందని తెలిస్తే మాత్రం కొనండి, తేడా వచ్చేది దానివల్లే. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ పౌనఃపున్యం దాకా ధ్వని ఉందో చూపే బొమ్మ) ధ్వని సరిగ్గా 22 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే అది చాలావరకు సీడీ ఫైలునే ఉబ్బించిన సరుకు.

ప్రశ్న: 1980ల మొదట్లో వచ్చిన సీడీ ప్లేయర్‌లో బాగానే ఉంది, కంప్యూటర్లోకి రిప్ చేస్తే గరగరలాడుతూ పలచగా ఉంది. డిస్కు పాడైందా?

జవాబు: పాడై కాదు. కొన్ని తొలి సీడీలను ప్రీ-ఎంఫసిస్‌తో ముద్రించారు. పైస్థాయిలను 20 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి దాదాపు 10 డెసిబెళ్లు పెంచి రికార్డు చేస్తారు, ప్లేయర్ ఒక గుర్తు చూసి అంతే తగ్గిస్తుంది. రిప్ చేసే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఆ తగ్గింపు చేయదు. ఆ గుర్తు కొన్ని డిస్కుల్లో విషయపట్టికలో లేకుండా పాటతోపాటు సాగే సబ్‌కోడ్ సమాచారంలో మాత్రమే ఉంటుంది కాబట్టి "లేదు" అని చూపించినా నమ్మకండి. సాక్స్ (SoX) అనే ఆడియో ప్రోగ్రాంలో డీ-ఎంఫసిస్ ఎఫెక్ట్ ఉంది, 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు మీదే నడపండి. ట్రెబుల్ నాబ్‌తో ఉజ్జాయింపుగా తగ్గిస్తే ఆ వంపు సరిపోదు.

ప్రశ్న: మా నాన్నగారి బ్యాండు 1978లో రికార్డు చేసిన పావు అంగుళం మాస్టర్ టేపులున్నాయి. ప్లే చేస్తే కీచుమని ఆగిపోతోంది, హెడ్ మీద గోధుమరంగు బంక చేరుతోంది. టేపును కాలుస్తారని విన్నాం, నిజమేనా?

జవాబు: నిజమే, కాల్చడం కాదు, వెచ్చబెట్టడం. ముందు మెషిన్ ఆపేయండి. తిప్పిన ప్రతిసారీ ఆ బంకతోపాటు పాటే ఊడొస్తుంది.

1970ల మధ్య నుంచి వచ్చిన టేపుల్లో, ముఖ్యంగా యాంపెక్స్ 406, 456 రకాల్లో, ఆక్సైడును పట్టి ఉంచే పాలీయురెథేన్ గాలిలో తేమ పీల్చి జిగురవుతుంది. వెచ్చబెడితే ఆ తేమ కొంతకాలం వెళ్లిపోతుంది. బాక్సు మీది పేరు ఒక్కటే చూడొద్దు, బాక్సులు మారిపోతుంటాయి. ఈ జబ్బు ఎక్కువగా వెనకవైపు మసకనల్లటి పూత ఉన్న టేపులకే వస్తుంది. చుట్టిన రీలును దీపానికెదురుగా పట్టుకోండి. వెలుతురు లోపలి నుంచి వస్తే అది అసిటేట్ అనే పాతరకం ప్లాస్టిక్ టేపు, వెచ్చబెట్టకూడదు. పెడితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

వంట ఓవెన్ పనికిరాదు, దాని వేడి పాతిక డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ఫ్యాను ఉన్న, వేడి నిలకడగా ఉండే యంత్రం కావాలి. పండ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్‌ను చాలామంది వాడతారు. విడిగా థర్మామీటరు పెట్టి 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపండి. టేపును ప్లాస్టిక్ రీలు నుంచి లోహపు రీలుకు మార్చాలి. పావు అంగుళానికి కనీసం ఎనిమిది గంటలు, రెండు గంటలకోసారి తిరగేస్తూ ఉంచండి. తర్వాత అన్ని గంటలూ చల్లారనివ్వాలి. వేడిగా ఉండగా చుట్టు విప్పితే పొరలు అంటుకుని ఊడతాయి. అతుకుల టేపు జిగురు ఎండి విడిపోవడం మామూలే, కొత్త స్ప్లైసింగ్ టేపు సిద్ధంగా ఉంచుకోండి. ఆ తర్వాత కొన్ని వారాల వ్యవధి ఉంటుంది, ఆలోగా ఎక్కించేయాలి.

ఎక్కించేటప్పుడు టేపు మొదట్లో ఉన్న పరీక్ష టోన్లను దాటేయొద్దు. 1 కిలోహెర్ట్జ్ టోన్ స్థాయికి, 10 కిలోహెర్ట్జ్ టోన్ హెడ్ వాలు (టేపుకు హెడ్ ఉండే కోణం) సరిచేయడానికి. ఆ వాలు సరిలేకపోతే పైస్థాయిలు పోతాయి, తర్వాత ఏ ఈక్వలైజరూ వాటిని తేలేదు. టోన్లు లేకుంటే రెండు చానళ్లను మోనోగా కలిపి, సింబల్స్ అన్నిటికన్నా తేటగా వినబడేచోట హెడ్ వాలు తిప్పే స్క్రూ ఆపండి. బాక్సు మీద "డాల్బీ ఏ" (హిస్ తగ్గించే పద్ధతి) అని ఉంటే డీకోడర్ ఉన్నచోటికే తీసుకెళ్లండి. డీకోడ్ చేయకుండా ఎక్కిస్తే హిస్ పెరిగి, గొంతు ఊపిరి పోసుకున్నట్టు వెలుగుతుంది. మొదట అదే బాగుందనిపిస్తుంది కూడా. డీకోడర్ దొరకడం ఆలస్యమయ్యేలా ఉంటే 24 బిట్‌లో అలాగే ఎక్కించి, డాల్బీ టోన్‌ను కూడా అదే స్థాయిలో రికార్డు చేసి ఉంచండి. ఆ టోన్ ఉంటే తర్వాత ఎప్పుడైనా డీకోడ్ చేసుకోవచ్చు.