ఎడిటింగ్ టేబుల్ ముందు ఐదుగురు

చిరంజీవి అమ్మాయికి,

మీ ఐదుగురి బృందం ఎడిట్ చేసి పంపిన మీ సినిమా ప్రారంభ సన్నివేశం, ఆ రెండు నిమిషాలూ చూశాను. తెల్లవారుజామున బస్టాండు, సంచి పట్టుకున్న కుర్రాడు, టీ కొట్టు, కదిలే బస్సు. షాట్లు చక్కగా ఉన్నాయి. కానీ ఐదుగురికీ నచ్చినవన్నీ అందులో ఉండిపోయాయి. అందుకే అది ఎవరి కథో చివరిదాకా తెలియలేదు.

ముందు కంప్యూటర్ కట్టేసి కాగితాలు తీసుకోండి. ఈ రెండు నిమిషాలు అయ్యేసరికి ప్రేక్షకుడికి ఏం తెలియాలి, అతను దేనికోసం ఎదురుచూడాలి అన్నది ఎవరికి వారు రాసి, తర్వాత కలిసి చదవండి. ఐదు కాగితాల్లో ఐదు జవాబులు వస్తే మీ తగవు ఎడిటింగ్‌లో లేదు, కథలో ఉంది. అది తేలేదాకా ఒక్క కట్ కూడా చేయవద్దు.

తేలాక రషెస్, అంటే ఎడిట్ చేయని ఫుటేజ్, మొత్తం మళ్లీ చూడండి. మాట్లాడుకోకుండా, మనసు కదిలిన చోటల్లా టైమ్ రాసుకుంటూ చూడండి. పాడయ్యాయనుకున్న టేకులను కూడా వదలవద్దు. దర్శకుడు కట్ చెప్పాక నటుడి ముఖం సడలిన ఆ క్షణంలోనే మీకు కావలసిన చూపు దొరకవచ్చు.

కీబోర్డు దగ్గర ఒక్కరే కూర్చోవాలి. మొదటి రఫ్ కట్, అంటే షాట్లను వరుసగా పేర్చిన తొలి ముసాయిదా, పూర్తయ్యేదాకా ఆ చేయి మారకూడదు. ఆ మనిషి కెమెరా పట్టినవాడు కాకపోతే మరీ మంచిది. డ్రోన్ షాట్ కోసం మీవాడు చలిలో ఎంత అవస్థ పడ్డాడో రాశావు. ఆ శ్రమ విలువ నాకు తెలుసు. కానీ తెరమీద ఆ శ్రమ కనిపించదు, బస్టాండు పైకప్పు కనిపిస్తుంది. అప్పటిదాకా మనం అంటిపెట్టుకున్న కుర్రాడి ముఖం అక్కడ చేజారిపోతోంది. తీసేయండి. తీసే ముందు అతనితో మాట్లాడండి.

షాట్ మారినప్పుడు టీ గ్లాసు ఏ చేతిలో ఉందన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నారట. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ మంచి కట్‌కు ఆరు కొలతలు చెబుతూ భావానికి 51 శాతం, కథకు 23, లయకు 10 ఇచ్చాడు. స్థలంలో ఎవరు ఎక్కడున్నారన్న కొనసాగింపుకు ఇచ్చింది 4 శాతమే. కుర్రాడి కళ్లలో బెరుకు నిజంగా ఉంటే గ్లాసును ఎవరూ చూడరు.

అభిప్రాయాలు కుదరనప్పుడు చేతులెత్తి ఓటు వేసుకోవద్దు. రెండు వెర్షన్లూ కట్ చేసి, కథ తెలియని మనిషికి చూపించండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ఈ అబ్బాయి ఎక్కడికి వెళ్తున్నాడు, ఎందుకు భయపడుతున్నాడు అని అడగండి. పాత వెర్షన్‌ను చెరిపేయకుండా తేదీతో దాచండి. ఫుటేజ్ కాపీలు రెండు వేర్వేరు డ్రైవుల్లో, ఇద్దరి ఇళ్లలో ఉండాలి.

టీ కొట్టు దగ్గర మాటలకు, పెదవులకు పొంతన తప్పుతోంది. ఆ భాగం ఫోనుతో తీశారు కదా, కారణం బహుశా అదే. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను, ఒకేలా ఉంచవు, అందుకే విడిగా రికార్డు చేసిన శబ్దం షాట్ సాగేకొద్దీ జరిగిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ క్లిప్పులను స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుని, అప్పుడు టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. టైటిల్స్‌లో వత్తులు విడిపోయాయి. ఎడిటింగ్‌కు ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు కాబట్టి గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టుకుంటే సరిపోతుంది. ఒక్కో పేరును తాపీగా రెండుసార్లు చదివేంతసేపు తెరమీద ఉంచండి.

సంగీతాన్ని మాత్రం ఇప్పుడే పెట్టవద్దు. బలహీనమైన కట్‌ను అది కప్పేస్తుంది, మీకే తెలియదు. దానికన్నా ముందు బస్టాండు శబ్దాన్ని వాడుకోండి. నల్లటి తెరమీద పేర్లు పడుతుండగానే కండక్టరు కేక వినిపిస్తే, బొమ్మ రాకముందే మనం అక్కడ నిలబడతాం.

తర్వాతి వెర్షన్ సంగీతం లేకుండా పంపండి. మీరు రాసుకున్న ఐదు కాగితాలను కూడా ఫోటో తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న