వర్డ్‌లో బోల్డ్, పేస్ట్ చేస్తే మామూలు: తప్పు కాపీలో లేదు, పేస్ట్‌లో ఉంది

ప్రశ్న: "విశాఖలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసులు, మెంబర్ల పట్టిక నేనే తయారుచేస్తాను. వర్డ్‌లో తెలుగులో చక్కగా దిద్దుకున్నది ఇంకో ఫైల్లోకో, లిబ్రే ఆఫీసులోకో, ప్రెస్ వాళ్లు పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లోకో పేస్ట్ చేస్తే బోల్డ్ పోతుంది, సైజు మారిపోతుంది. ఉన్నది ఉన్నట్టు రావడానికి సెట్టింగ్ ఏదైనా ఉందా?"

అన్నిటికీ పనిచేసే ఒక్క సెట్టింగ్ లేదండి. ఉందని వెతకడం వల్లే చాలామందికి ఈ తలనొప్పి తగ్గదు. ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: మీరు ఎంచుకున్నదాంట్లో కాపీ చేసినప్పుడు ఏదీ పోదు. పోయేది చాలావరకు పేస్ట్ చేసే చోటే పోతుంది.

కంట్రోల్ + సి నొక్కగానే వర్డ్ క్లిప్‌బోర్డు (కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటు) మీద ఒక్క రూపం పెట్టి ఊరుకోదు. అదే విషయాన్ని ఒకేసారి అనేక రూపాల్లో ఇస్తుంది: ఉత్త అక్షరాలు, ఆర్‌టీఎఫ్ (ముస్తాబుతో సహా అక్షరాలు రాసే పాత పద్ధతి), హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల రూపం), బొమ్మ, వర్డ్ సొంత ఆబ్జెక్టు. పేస్ట్ చేయించుకునే ప్రోగ్రాం అందులోంచి తనకు నచ్చింది, తనకు అర్థమయ్యేది ఒకటి తీసుకుంటుంది. నోట్‌ప్యాడ్ అక్షరాలు తీసుకుంటుంది. బ్రౌజర్‌లోని మెయిల్ హెచ్‌టీఎంఎల్ తీసుకుంటుంది. ఇన్‌డిజైన్‌కి ఎలా చెబితే అలా. కాబట్టి "వర్డ్ పాడుచేసింది" అని వర్డ్‌ని తిట్టి లాభం లేదు, అవతలి ప్రోగ్రాం ఏ రూపం ఎంచుకుందో చూడాలి. నిర్‌సాఫ్ట్ వాళ్ల ఇన్‌సైడ్‌క్లిప్‌బోర్డ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. కాపీ చేశాక అది తెరిస్తే క్లిప్‌బోర్డు మీద ఏయే రూపాలున్నాయో వరసగా కనిపిస్తాయి. ఒక్కసారి చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇప్పుడు ఒక్క శీర్షికను పట్టుకుని చూద్దాం. "జగదాంబ జంక్షన్‌లో రక్తదాన శిబిరం" అని 18 పాయింట్లలో, బోల్డ్‌గా, పేజీ మధ్యకు పెట్టారనుకోండి. మౌస్‌తో మొదటి "జ" నుంచి చివరి సున్నా దాకా లాగి, కాపీ చేసి, కొత్త ఫైల్లో "మెర్జ్ ఫార్మాటింగ్" అనే ఎంపికతో పేస్ట్ చేశారు. శీర్షిక ఎడమకు జరిగింది, బోల్డ్ పోయింది, సైజు చిన్నదైంది. చూడ్డానికి ఒకటే జబ్బులా ఉంటుంది గానీ ఇవి మూడు వేర్వేరు జబ్బులు. మందులు కూడా వేరు.

మధ్యకు పెట్టిన సంగతి అక్షరాల్లో ఉండదు, పేరా చివర ఉండే పేరా గుర్తులో ఉంటుంది. పేరా స్టైల్ (ఫాంటు, సైజు, అమరిక కలిపి ఒక పేరుతో దాచుకున్నది), అలైన్‌మెంట్, పైనా కిందా ఖాళీ, ట్యాబ్‌లు, అన్నీ అక్కడే దాగి ఉంటాయి. చివరి అక్షరంతో ఆపేస్తే ఆ గుర్తు వెనకే ఉండిపోతుంది. హోమ్ ట్యాబ్‌లో ఆ గుర్తు బొమ్మ నొక్కితే, లేదా కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కితే అన్నీ బయటపడతాయి. మౌస్‌తో లాగకుండా పేరా మీద మూడుసార్లు క్లిక్ చేస్తే గుర్తుతో సహా ఎంపికవుతుంది. పేజీ మార్జిన్లు, నిలువు వరసల సంగతి ఇంకా పైన, సెక్షన్ బ్రేక్‌లో ఉంటుంది. అది ఎంపికలో లేకుండా రెండు వరసల కరపత్రం కాపీ చేస్తే ఒకటే వరసగా వస్తుంది.

బోల్డ్ ఎందుకు పోయిందో చాలామంది ఊహించలేరు. "మెర్జ్ ఫార్మాటింగ్" పద్ధతి ఇది: మీరు ఎంచుకున్న దాంట్లో కొంత భాగం మాత్రమే బోల్డ్‌గా, ఇటాలిక్‌గా ఉంటే, అది నొక్కి చెప్పడానికి పెట్టిందని భావించి ఉంచుతుంది. ఎంచుకున్నదంతా బోల్డ్ అయితే అది ఆ ఫైలు ముస్తాబు అనుకుని తీసేస్తుంది. అందుకే శీర్షిక ఒక్కటీ తెస్తే బోల్డ్ పోతుంది, కింది పేరాతో కలిపి తెస్తే ఉంటుంది! అదే ఫైలు, అదే పేస్ట్ పద్ధతి, నిన్న వచ్చింది ఇవాళ రాలేదని జుట్టు పీక్కునేది ఇక్కడే. శీర్షిక ఒక్కటే కావాలంటే పేస్ట్ చేయగానే పక్కన వచ్చే చిన్న బొమ్మ మీద "కీప్ సోర్స్ ఫార్మాటింగ్" ఎంచుకోండి. చేయి కీబోర్డు మీదే ఉంటే పేస్ట్ అయిన వెంటనే కంట్రోల్ ఒక్కసారి నొక్కి వదిలి, కె నొక్కితే మూల రూపం, ఎం నొక్కితే మెర్జ్, టి నొక్కితే ఉత్త అక్షరాలు.

ఇక సైజు. మెర్జ్ పద్ధతి వచ్చిన చోటి సైజే వేస్తుంది, అది ఒక కారణం. రెండోది తెలుగులాంటి లిపులవాళ్లకు ప్రత్యేకమైన తంటా. ఇంగ్లీషు ఉదాహరణలతో రాసే సలహాల్లో దీని ఊసే ఉండదు. వర్డ్ ప్రతి మాటకీ ఫాంట్ వివరాలు వేర్వేరు అరల్లో దాచుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఒక అర, చైనా జపాన్ లిపులకు ఒకటి, "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్" అని ఇంకొకటి. మన తెలుగు ఈ చివరి అరలోకి వస్తుంది. దానికి ఫాంట్ వేరు, సైజు వేరు, బోల్డ్ కూడా వేరు. ఆర్‌టీఎఫ్‌లోనూ లిబ్రే ఆఫీసులోనూ ఇదే ఏర్పాటు. పంపిన ప్రోగ్రాం సైజును మొదటి అరలో మాత్రమే రాసి పంపితే, పేజీలో ఇంగ్లీషు మాటలు 18లో నిక్షేపంగా ఉంటాయి, తెలుగు మాత్రం 11కో 12కో పడిపోతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లు, వెబ్‌సైట్‌లు తయారుచేసి ఇచ్చే వర్డ్ ఫైళ్లలో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది.

సరిదిద్దడానికి తెలుగు భాగం ఎంచుకుని కంట్రోల్ + డి నొక్కండి. ఫాంట్ పెట్టెలో "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్" అనే భాగంలో ఫాంట్, స్టైల్, సైజు విడిగా కనిపిస్తాయి. ఆ భాగమే లేకపోతే ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్లి ఎడిటింగ్ భాషల్లో తెలుగు చేర్చి, వర్డ్ మూసి తెరవండి. లిబ్రే ఆఫీసులో అయితే టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగంలో "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" టిక్ చేస్తే క్యారెక్టర్ పెట్టెలో ఆ అర కనిపిస్తుంది. ప్రతి పేరాకీ ఇలా దిద్దుకుంటూ కూర్చోకండి. నార్మల్, హెడింగ్ 1 స్టైళ్లలోనే ఒకసారి రెండు అరలూ నింపేయండి, ఆ ఫైలును టెంప్లేట్‌గా దాచుకోండి.

స్టైళ్ల మాట వచ్చింది కాబట్టి: ఒక వర్డ్ ఫైలు నుంచి ఇంకో వర్డ్ ఫైలుకు తెచ్చేటప్పుడు రెండిట్లోనూ "నార్మల్" ఉంటుంది, కానీ ఇక్కడి నార్మల్ గౌతమి ఫాంటులో 12, అక్కడి నార్మల్ ఇంకేదో 11. పేరు ఒకటే కాబట్టి మామూలుగా వచ్చిన చోటి నార్మల్‌దే గెలుపు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో "కట్, కాపీ అండ్ పేస్ట్" కింద నాలుగు వరసలుంటాయి: అదే ఫైల్లో, ఫైళ్ల మధ్య, స్టైళ్లు తగాదా పడినప్పుడు, వేరే ప్రోగ్రాంల నుంచి. మూడోదాన్ని "కీప్ సోర్స్"కి మార్చమని చాలామంది చెబుతారు. నా సలహా అది కాదు. అలా మార్చి ఏడాదిపాటు వాడిన ఫైల్లో ప్రతి పేరా ఒక్కో ఫాంటులో, ఒక్కో సైజులో ఉంటుంది, తర్వాత దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు. మీ శీర్షికలకు, పట్టికలకు మీరే "నోటీసు శీర్షిక" లాంటి సొంత పేర్లతో స్టైళ్లు పెట్టుకోండి. అవతలి ఫైల్లో ఆ పేరు లేకపోతే స్టైలు మొత్తంగా వెంట వస్తుంది, తగాదాయే ఉండదు. స్పేస్‌బార్ పదిసార్లు కొట్టి మధ్యకు జరిపిన శీర్షికను మాత్రం ఏ సెట్టింగూ కాపాడలేదు. మన ఆఫీసుల్లో ఈ అలవాటు పోవాలి.

పై శీర్షికలో కంటికి చిక్కని ఇంకో చోటు ఉంది: "జంక్షన్‌లో". న పొల్లుకీ "లో"కీ మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పోతే "జంక్షన్లో" అయిపోయి ల వత్తు కిందికి దిగుతుంది. "సాఫ్ట్‌వేర్" కూడా అంతే. పేస్ట్ చేసినదాన్ని శుభ్రం చేస్తామనే కొన్ని వెబ్ పెట్టెలు, మాక్రోలు దీన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. పేస్ట్ చేశాక పొల్లులున్న మాటలు ఒకసారి కళ్లారా చూసుకోండి.

తెలుగు మొత్తం ప్రశ్న గుర్తులుగా వచ్చిందంటే కారణం వేరు. ఆర్‌టీఎఫ్ 1987 నాటిది, ఇంగ్లీషు అక్షరాలతోనే రాసుకునే పద్ధతి. "క" రాయాలంటే దాని యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంఖ్య 3093 రాసి, అది అర్థంకాని ప్రోగ్రాంల కోసం పక్కన ఒక ప్రశ్న గుర్తు పెడుతుంది. పాత ప్రోగ్రాం సంఖ్యను వదిలేసి ప్రశ్న గుర్తే చూపిస్తుంది. అప్పుడు పేస్ట్ స్పెషల్‌లోకి వెళ్లి "అన్‌ఫార్మాటెడ్ యూనికోడ్ టెక్స్ట్" ఉంటే అది ఎంచుకోవడమే దారి.

రుషికొండ, మధురవాడ వైపు సొంత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లెవరైనా చదువుతుంటే ఒక్క మాట. విండోస్ హెచ్‌టీఎంఎల్ రూపానికి మొదట ఉండే హెడర్‌లో ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బైట్లలో రాయాలి, అక్షరాల లెక్కలో కాదు. "విశాఖపట్నం" కోడ్ లెక్కలో 10, యూటీఎఫ్-8 బైట్లలో 30. ఇంగ్లీషుతో పరీక్షించినప్పుడు రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడదు. తెలుగు రాగానే వాక్యం మధ్యలో తెగిపోతుంది. దయచేసి తెలుగుతో ఒకసారి పరీక్షించండి.

మెంబర్ల పట్టికకు వద్దాం. వర్డ్ పట్టికను ఎక్సెల్‌లోకి తెస్తే రెండు ప్రమాదాలు. 10-5-12 లాంటి డోర్ నంబరును ఎక్సెల్ తేదీ అనుకుని మార్చేస్తుంది. తర్వాత గడి రకాన్ని టెక్స్ట్ చేసినా పాత నంబరు తిరిగి రాదు. ముందే ఖాళీ గడులు ఎంచుకుని రకం టెక్స్ట్ చేసి, అప్పుడు "మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్"తో పేస్ట్ చేయండి. మూల రూపం ఉంచమంటే మీరు పెట్టిన టెక్స్ట్ రకం కొట్టుకుపోతుంది. రెండోది, చిరునామా గడిలో ఎంటర్ కొట్టి మూడు లైన్లు రాసుంటే ఎక్సెల్‌లో మూడు వరసలవుతుంది. వర్డ్‌లోనే పట్టిక ఎంచుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పేరా గుర్తు (^p) స్థానంలో ## పెట్టండి. ఎక్సెల్‌లోకి తెచ్చాక కంట్రోల్ + హెచ్ తెరిచి ## వెతకమని, కింది పెట్టెలో కంట్రోల్ + జె నొక్కండి. పెట్టెలో ఏమీ కనిపించదు, కంగారుపడకండి. రీప్లేస్ ఆల్ కొడితే గడిలోపలే లైన్లు విడిపోతాయి. ఎక్సెల్ నుంచి ఎక్సెల్‌కి వెడల్పులు రాకపోతే పేస్ట్ స్పెషల్‌లో "కాలమ్ విడ్త్స్" విడిగా ఉంది.

ఇన్‌డిజైన్‌ది ఒకే లోపం: ప్రిఫరెన్సెస్‌లో "క్లిప్‌బోర్డ్ హ్యాండ్లింగ్" కింద వేరే ప్రోగ్రాంల నుంచి వచ్చేదానికి మామూలుగా "టెక్స్ట్ ఓన్లీ" ఉంటుంది. దాన్ని "ఆల్ ఇన్ఫర్మేషన్" చేయాలి. అంతకన్నా మేలు, పేస్ట్ మానేసి వర్డ్ ఫైలునే ప్లేస్ చేయించడం. "షో ఇంపోర్ట్ ఆప్షన్స్" టిక్ చేస్తే మీ స్టైలుకి వాళ్ల స్టైలు జతచేసుకోవచ్చు. ఆ తర్వాత పేరాకి వరల్డ్-రెడీ కంపోజర్ (మనలాంటి లిపులను సరిగ్గా కూర్చే ఎంపిక) పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. అల్లిపురంలోనో డాబాగార్డెన్స్‌లోనో మీ ప్రెస్ ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లే వాడుతుంటే సంగతే వేరు. అక్కడ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారాలు తొడుక్కున్న ఇంగ్లీషు గుర్తులు. ఫాంటు పోయిందంటే తెలుగే పోయింది. అటూ ఇటూ పేస్ట్ కుదరదు, కన్వర్టర్ వాడాల్సిందే, వాడాక అక్షరం అక్షరం ప్రూఫ్ చూడాల్సిందే.

షార్ట్‌కట్‌ల విషయంలో ఈ కంపెనీలు మనల్ని పెట్టే తిప్పలకు హద్దు లేదు. కంట్రోల్ + షిఫ్ట్ + వి బ్రౌజర్‌లోనూ కొత్త వర్డ్‌లోనూ ఉత్త అక్షరాలు పేస్ట్ చేస్తుంది. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో అదే నొక్కితే రూపాల జాబితా తెరుచుకుంటుంది. రైటర్‌లో ఆ జాబితానే మీకు కావలసింది, అందులో ఆర్‌టీఎఫ్ ఒకసారి, హెచ్‌టీఎంఎల్ ఒకసారి వేసి చూసి ఏది బాగుంటే అది ఉంచండి. ఇదివరకు చెత్త హెచ్‌టీఎంఎల్‌ని వర్డ్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి మళ్లీ కాపీ చేస్తే శుభ్రమైన ఆర్‌టీఎఫ్ వచ్చేది. విండోస్ 11 24హెచ్2 నుంచి ఆ వర్డ్‌ప్యాడ్‌నే తీసేశారు. పేదవాడి పనిముట్టు అది, తీయకుండా ఉండాల్సింది.

విండోస్ + విలో ఇదివరకు కాపీ చేసినవాటి చరిత్ర చూసి పేస్ట్ చేసే అలవాటుంటే జాగ్రత్త. అది దాచేవి 25 వస్తువులు, ఒక్కోటి 4 ఎంబీ లోపు, అదీ అక్షరాలు, హెచ్‌టీఎంఎల్, బొమ్మ మాత్రమే. ఆర్‌టీఎఫ్ దాచదు. అలాగే పేస్ట్ అయ్యేదాకా మూల ప్రోగ్రాం మూయకండి. చాలా ప్రోగ్రాంలు పెద్ద రూపాలను అడిగినప్పుడే తయారుచేసి ఇస్తాయి, మూసేస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

చివరగా ఫాంటు. క్లిప్‌బోర్డులో ఫాంటు పేరు మాత్రమే ప్రయాణిస్తుంది, ఫాంటు కాదు. గౌతమి, వాణి విండోస్ 10 నుంచి వాటంతటవి రావు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" వేసుకోవాలి. అవి లేని కంప్యూటర్‌లో అదే ఫైలు నిర్మల యూఐ ఫాంటులో కనిపిస్తుంది, లైన్లు మారతాయి, ఒక పేజీ నోటీసు రెండో పేజీలోకి జారుతుంది. ప్రెస్‌కి ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో వర్డ్ ఫైలుతోపాటు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వాడితే ఆ ఫాంటు ఫైళ్లు, అసలు ఎలా ఉండాలో చూసుకోవడానికి ఒక పీడీఎఫ్ పెట్టండి. ఆ పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేసుకోవద్దని కూడా వాళ్లకు చెప్పండి. గుణింతాలు, వత్తులు చెదిరి వస్తాయి.